భావం కింద రాసే ఉంది, మరి పద్యం ఎందుకు?

పోయిన నెల మా అక్క వాళ్ళింటికి వెళ్ళినప్పుడు మా మేనకోడలు తెలుగు పరీక్షకి చదువుకుంటోంది. పుస్తకంలో పైన పద్యం, దాని కింద ప్రతిపదార్థం, ఇంకా కింద భావం. తను పద్యం మీద స్కేలు అడ్డం పెట్టి భావం ఒక్కటే బట్టీ పడుతోంది. "అదేంటమ్మా, పద్యం చదవవా?" అన్నాను. "భావం కింద రాసే ఉంది కదా మామయ్యా, మళ్ళీ పద్యం ఎందుకు? అదే విషయం కష్టంగా చెప్పడమేగా?" అంది.

పొగరుగా అడగలేదు, నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నేను "పద్యంలో అందం ఉంటుందమ్మా" అన్నాను. అంటూనే అది జవాబు కాదని నాకే తెలిసింది. విషయమంతా భావంలో ఉంది, పద్యం దానికి నగలు పెట్టింది, అని ఒప్పుకున్నట్టే కదా. నగలు తీసేసినా మనిషి మనిషే. అలాంటప్పుడు స్కేలు అడ్డం పెట్టడంలో తప్పేముంది? నెల రోజులుగా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు ఇక్కడ రాసుకుంటున్నాను.

ఆ పద్యం పోతనది, గజేంద్రమోక్షంలోది, మొసలికి చిక్కిన ఏనుగు విష్ణువుని పిలిచే ఘట్టం. అదే పద్యం మూడేళ్ళ క్రితం నేను ఆసుపత్రిలో విన్నాను.

ఊపిరి చాలని మనిషి నోట

నాన్నకి గుండె ఆపరేషన్ అయింది. తర్వాత ఊపిరితిత్తులు మళ్ళీ బాగా విచ్చుకోవాలని మూడు బంతులుండే ప్లాస్టిక్ గొట్టం ఒకటి ఇచ్చారు, గాలి పీల్చి బంతుల్ని పైకి లేపాలి. నాన్నకి అదంటే చిరాకు. ఒకటో బంతి లేచేది, రెండోది ఊగి పడిపోయేది. నాలుగో రోజు సాయంత్రం గొట్టం పక్కన పెట్టేసి, ఎవరితోనూ కాదు, తనలో తాను మొదలుపెట్టారు:

లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చె దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్
నీవే తప్ప నితఃపరం బెరుగ మన్నింపందగున్ దీనునిన్
రావే ఈశ్వర కావవే వరద సంరక్షించు భద్రాత్మకా

మామూలుగా అయితే నాన్న ఈ పద్యాన్ని రాగం తీసి పాడతారు. ఆ రోజు రాగానికి ఊపిరి లేదు, మాటలే వచ్చాయి. లావొక్కింతయు లేదు, అని ఆగారు. ధైర్యము విలోలంబయ్యె, మళ్ళీ ఆగారు. "ప్రాణంబులున్" దగ్గర పాదం అయిపోయింది, అక్కడా ఆగాల్సి వచ్చింది, కాస్త పీల్చుకుని "ఠావుల్ దప్పెను" అన్నారు. నేను మంచం పక్కన స్టూలు మీద కూర్చుని వింటున్నాను. చిన్నప్పటి నుంచి కొన్ని వందలసార్లు విన్న పద్యం, ఆ రోజు దాకా నాకు అర్థం కాలేదని అప్పుడు తెలిసింది.

అందులోని వాక్యాలు ఎంత చిన్నవో చూడండి. లేదు, అయ్యె, తప్పెను, వచ్చె, డస్సె, అయ్యెడి. రెండు పాదాల్లో ఆరు క్రియలు. మునిగిపోతున్నవాడు నీళ్ళ పైకి తల ఎత్తి ఒక మాట, మళ్ళీ ఎత్తి ఇంకో మాట అన్నట్టు. ఇంకోటి ఉంది. రెండో పాదం చివర, మూడో పాదం చివర వాక్యం కూడా పాదంతో పాటే పూర్తవుతుంది. మొదటి పాదం చివర మాత్రం అలా కాదు. అక్కడ "ప్రాణంబులున్" అని పాదం ముగిసిపోయింది, క్రియ పక్క పాదంలోకి పడిపోయింది. ప్రాణాలు ఒక చోట, వాటి ఠావు తప్పడం ఇంకో చోట, మధ్యలో ఖాళీ. ప్రాణాలు స్థానం తప్పాయి అని చెప్పే వాక్యమే స్థానం తప్పింది. పోతన ఇది లెక్కపెట్టి చేశాడా అంటే నాకు దానితో పనిలేదు, ఆయన చెవి చేసింది.

ఇక ఆ చివరి పాదం. రావే, కావవే, సంరక్షించు. రెండక్షరాలు, మూడక్షరాలు, నాలుగక్షరాలు. పిలుపు పెద్దదవుతూ పోతుంది, ఉన్న ఊపిరంతా ఆఖరి మాటకి పెట్టేసినట్టు. "నాకు బలం లేదు, ధైర్యం సడలింది, వచ్చి నన్ను కాపాడు" అని కింద భావంలో రాస్తారు. అది తప్పని అనను. కానీ ఆ వాక్యాన్ని ఆరోగ్యంగా ఉన్నవాడు కూర్చుని, టీ తాగుతూ చెప్పొచ్చు. పద్యాన్ని అలా చెప్పలేం.

ఆగడానికి చోటు లేని పద్యం

నాన్న ఆ తర్వాత "అల వైకుంఠపురంబులో" ఎత్తుకున్నారు. వరుసలో కాస్త ముందుకెళితే వచ్చేది అదే, పిల్లలకి సినిమా పేరుగా తెలిసింది కూడా అదే.

అల వైకుంఠపురంబులో నగరిలో నా మూల సౌధంబు దా
పల మందారవనాంతరామృత సరః ప్రాంతేందు కాంతోపలో
త్పల పర్యంక రమావినోది యగు నాపన్నప్రసన్నుండు వి
హ్వల నాగేంద్రము పాహి పాహి యన గుయ్యాలించి సంరంభియై

రెండో పాదం మధ్యలో నాన్న ఆగిపోయారు, దగ్గు వచ్చింది. "దీనికి ఊపిరి చాలదురా" అన్నారు. నిజమే, చాలదు. "మందారవన" అని మొదలైన సమాసం "రమావినోది" దాకా తెగదు. పాదం చివర ఆగుదామంటే అక్కడ మాట విరిగి ఉంటుంది: దా/పల, కాంతోపలో/త్పల, వి/హ్వల. మూడు పాదాల చివరా అంతే. మాట మధ్యలో ఎవరూ ఆగరు కాబట్టి పరిగెత్తాల్సిందే. ఇక్కడే పోతనకి రాత సాగలేదని, "దాపల" దగ్గర గంటం పక్కన పెట్టి లేచి వెళ్ళిపోతే సాక్షాత్తూ స్వామే వచ్చి మిగతాది పూరించాడని ఒక కథ చెప్తారు. కథ సంగతి ఎలా ఉన్నా, ఆ చోటు చూడండి, సరిగ్గా మాట విరిగిన చోటు అది.

పద్యం మనల్ని తీసుకెళ్ళే దారి కూడా చూడాలి. వైకుంఠపురం, అందులో నగరి, అందులో ప్రధాన సౌధం, దాని దగ్గర మందారవనం, దాని లోపల అమృత సరస్సు, దాని ఒడ్డున చంద్రకాంత శిల, దాని మీద కలువల పాన్పు, అక్కడ లక్ష్మితో ఉన్నాడాయన. ఎంత లోపలికి వెళ్ళాలో! రెండున్నర పాదాలు పట్టింది ఆయన దగ్గరికి చేరడానికి. అంత దూరం, అన్ని తలుపులు, అంత సంస్కృతం దాటుకుని నాలుగో పాదంలో ఏనుగు గొంతు వినిపిస్తుంది. ఆ గొంతుకి పోతన వాడిన మాట "కుయ్యి". ఆ మహాసమాసం తర్వాత అచ్చ తెలుగు మాట, చిన్న జంతువు మూలిగినట్టుండే మాట. ఆ దూరం, ఈ చిన్న కుయ్యి, ఈ రెంటి మధ్య తేడాయే పద్యం. "వైకుంఠంలో ఉన్న విష్ణువు ఏనుగు మొర విన్నాడు" అనే భావంలో వైకుంఠం ఉంది, మొర ఉంది, ఆ దూరం లేదు.

పైగా వాక్యం పూర్తి కాలేదు. "సంరంభియై" అని ఆపేశాడు. తొందరపడి ఏం చేశాడు? క్రియ కోసం పక్క పద్యంలోకి వెళ్తాం:

సిరికిం జెప్పడు శంఖ చక్ర యుగముం జేదోయి సంధింప డే
పరివారంబును జీర డభ్రగపతిం బన్నింప డాకర్ణికాం
తర ధమ్మిల్లము జక్క నొత్తడు వివాదప్రోత్థిత శ్రీకుచో
పరి చేలాంచలమైన వీడడు గజప్రాణావనోత్సాహియై

ఏం చేశాడో చెప్పడు కవి, ఏం చేయలేదో చెప్తాడు. చెప్పడు, సంధింపడు, చీరడు, పన్నింపడు, ఒత్తడు, వీడడు. సిరికి, అంటే లక్ష్మికి చెప్పలేదు, శంఖచక్రాలు పట్టలేదు, పరివారాన్ని పిలవలేదు, గరుత్మంతుణ్ణి సిద్ధం చేయలేదు, కొప్పు సర్దుకోలేదు, చేతిలో ఉన్న ఆవిడ పైట కొంగు కూడా వదల్లేదు. ఆరు "లేదు"లు. అక్కడ ఏనుగు వైపు ఆరు క్రియలు, ఇక్కడ ఈయన వైపు ఆరు. పరీక్షలో "అలంకారం గుర్తించండి" అని ఒక మార్కు ఇస్తారు, నన్నడిగితే స్వభావోక్తి అంటాను. ఆ పేరు రాసేసి ఊరుకుంటే మాత్రం అసలు పని మొదలే కాలేదు. ఇందులో ఒక్క ఉపమానం లేదు, "బాణంలా", "గాలిలా" అనలేదు. వేగం ఎక్కడి నుంచి వచ్చింది మరి?

సంధుల్లోంచి వచ్చింది. "సంధింపడు + ఏ పరివారంబును" అన్నది "సంధింపడే పరివారంబును" అయింది. "చీరడు + అభ్రగపతిన్" చీరడభ్రగపతిం అయింది. "పన్నింపడు + ఆకర్ణిక" పన్నింపడాకర్ణిక అయింది. మూడు చోట్ల "డు"లోని ఉకారాన్ని పక్క వాక్యం మింగేసింది. ఒక పని మానేశాడని చెప్పే మాట పూర్తిగా నోట్లోంచి రాకముందే ఇంకో పని మానేస్తున్నాడు. చేతిలో ఉన్న పని చేతిలోనే ఉండగా లేచి వెళ్ళిపోయేవాళ్ళని చూశాం కదా, పొయ్యి మీద పాలు పొంగితే లేచే మనిషిని, గేటు దగ్గర పిల్లాడు పడిపోతే పరిగెత్తే మనిషిని. ఆ లేవడం సంధిలో ఉంది. సంధి అంటే బళ్ళో విడదీసి మార్కులు తెచ్చుకునే వస్తువుగానే నేర్చుకున్నాం. విడదీసిన క్షణంలో ఆ తొందర పోతుందని ఎవరూ చెప్పలేదు.

ఇదంతా మనం ఊహించుకున్నదేనా?

తెలుగు సాహిత్యం చదువుకున్న స్నేహితుడికి ఇదంతా చెప్తే ఓపిగ్గా విని ఒక మాట అన్నాడు. "అర్థం ముందే తెలుసు కాబట్టి నీకు శబ్దంలో అది వినిపిస్తోంది. తెలుగు రానివాడికి ఆ పద్యం వినిపించు. ఏనుగు కష్టంలో ఉందని చెప్పగలడా?"

చెప్పలేడు. ఈ మాట నన్ను చాలా రోజులు ఇబ్బంది పెట్టింది, ఎందుకంటే నేను అంతకు ముందు ఒక లెక్క వేసుకుని మురిసిపోయి ఉన్నాను. ఏనుగు మొర శార్దూలంలో ఉంది, స్వామి కదలడం మత్తేభంలో ఉంది. ఈ రెండు వృత్తాలకీ తేడా ఒక్కటే: శార్దూలం మొదట్లో ఉన్న గురువుని, అంటే బరువైన అక్షరాన్ని, రెండు లఘువులుగా, అంటే రెండు తేలిక అక్షరాలుగా విడగొడితే మత్తేభం అయిపోతుంది. మిగతా పాదమంతా అదే, మొత్తం ముప్ఫై మాత్రలూ అవే. "లా-వొక్-కిం" అని మూడు బరువులతో మొదలయ్యేది ఏనుగు, "సి-రి-కిం" అని రెండు తేలిక అడుగులేసి మొదలయ్యేది స్వామి. బరువు అంటే నిస్సహాయత, లఘువంటే వేగం, అని తేల్చేసుకున్నాను.

అది నిలవలేదు. ధూర్జటి "రాజుల్మత్తులు వారి సేవ నరకప్రాయంబు" అని తిట్టింది కూడా శార్దూలంలోనే. అవే మూడు గురువులు, అక్కడ నిస్సహాయతా లేదు, పాడూ లేదు, చెంప మీద కొట్టినట్టుంటుంది. ప్రహ్లాదుడి నోట పోతనే చెప్పించిన సీసం చూడండి: "మందార మకరంద మాధుర్యమున దేలు మధుపంబు వోవునే మదనములకు". మకారంలో తేనె ఉందని ఈ పాదాన్ని చూపించి చెప్పని మాస్టారు లేరు. మదనము అంటే ఉమ్మెత్త. తుమ్మెద కావాలనుకునే మందారానికీ, వద్దనుకునే ఉమ్మెత్తకీ ఒకే మకారం. మకారంలోనే తీపి ఉంటే ఉమ్మెత్తలో ఎలా దూరింది?

కాబట్టి నా స్నేహితుడు సగం గెలిచాడు. అక్షరానికి దానంతట దానికి అర్థం లేదు, గణానికీ లేదు. ఫలానా వృత్తం ఫలానా రసానికి, ఫలానా అక్షరం ఫలానా భావానికి అని పట్టిక వేసి నేర్పితే అది కూడా స్కేలు అడ్డం పెట్టడం లాంటిదే.

మిగతా సగం నేను వదులుకోను. అర్థం ఒక చోట, శబ్దం ఒక చోట విడిగా ఉంటే తెలుగు రానివాడి పరీక్ష సరైనదే. పద్యంలో అవి విడిగా లేవు. పాదం ఒక చోట ఆగమంటుంది, వాక్యం ఇంకో చోట ఆగుతానంటుంది, ఆ రెండూ ఎక్కడ కలుస్తాయి, ఎక్కడ పెనుగులాడతాయి అన్నదాన్ని బట్టి అర్థం తయారవుతుంది. ఆ పెనుగులాట వినాలంటే భాష రావాలి, మాటల అర్థం తెలియాలి. తెలిశాక కూడా దాన్ని భావంలోకి దించలేం, ఎందుకంటే భావానికి పాదం లేదు, పెనుగులాడటానికి అవతల ఎవరూ లేరు. నాన్న ఆగింది శార్దూలం అన్న పేరు చూసి కాదు, ఆ వాక్యాల్ని ఆ పాదాల్లో అలా పరిచారు కాబట్టి.

ఉప్పు, కప్పురం

ఇదంతా పెద్ద వృత్తాలకీ సంస్కృత సమాసాలకీ మాత్రమే అనుకుంటారేమో. వేమన దగ్గరికి రండి. ఉప్పు కప్పురంబు నొక్క పోలికనుండు, చూడ చూడ రుచుల జాడ వేరు. పురుషులందు పుణ్యపురుషులు వేరయా. రెండూ తెల్లగా ఒకేలా కనిపిస్తాయి, రుచి వేరు, మనుషులూ అంతే, ఇదీ పోలిక. ఎప్పుడైనా ఆ మాటల్ని పక్కపక్కన పెట్టి విన్నారా? ఉప్పు, కప్పు-రం. కప్పురంలో "అప్పు" అంటూ ఉప్పుకి అతి దగ్గరి చప్పుడు ఉంది. కంటికి ఒకేలా ఉన్నవి చెవికి కూడా ఒకేలా ఉన్నాయి. ఆ తర్వాతి పోలికలోనూ అంతే, పుణ్యపురుషులు అన్న మాటలో పురుషులు ఉండనే ఉన్నారు. మోసపోవడం ఎంత తేలికో మాటలే చూపిస్తున్నాయి, జాగ్రత్తగా చూడమని పద్యం అడుగుతోంది. "చూడ చూడ" అని రెండుసార్లు అనడం ఊరికే కాదు, మొదటిసారి చూస్తే తేడా తెలియదు.

బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాల్ని ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు, ఆయనకి మనం రుణపడి ఉన్నాం. కానీ ఉప్పుని సాల్ట్ అని, కప్పురాన్ని క్యాంఫర్ అని అన్నాక రంగు ఒకటే మిగులుతుంది. రెండు మాటల మధ్య చుట్టరికం అక్కడే తెగిపోతుంది. దాన్ని అనువాదకుడి తప్పనలేం.

గురజాడ ఇంకా దగ్గరివాడు. 1910లో ముత్యాల సరాలతో తెచ్చిన నడక, మూడు నాలుగు, మూడు నాలుగు మాత్రల నడక, మనందరి నాలుక మీదా ఉంది. "దేశమంటే మట్టికాదోయ్" తకిట తకధిమి తకిట తకధిమి. "దేశమంటే మనుషులోయ్" తకిట తకధిమి తకిట, తక. రెండు మాత్రలు తక్కువ. ఆ చరణంలో నాలుగో పాదం ఎప్పుడూ అలా కురచగానే ఉంటుంది, అది ఆ నడక పద్ధతి. ఇక్కడా నా స్నేహితుడు అంటాడు, పద్ధతే కదా, ఇందులో అర్థమేముందని. అర్థం ఎక్కడుందంటే, ఆ కురచ పాదంలో, తర్వాత నిశ్శబ్దం వచ్చే చోట, ఏ మాట పెట్టాలో ఎంచుకోవడంలో. మనుషులు అన్న మాట అన్నాక రెండు మాత్రలు ఖాళీ. ఆ ఖాళీలో ఆ మాట మోగుతుంది. వట్టి, కట్టి, గట్టి, మట్టి అని పద్యమంతా టకారం గట్టిగా తగులుతూ వచ్చింది కదా, "మనుషులోయ్"లో ఒక్క బరువైన హల్లు లేదు. టకారం ఎప్పుడూ కఠినమని నేను అనడం లేదు, ఈ పద్యంలో ఇన్ని టకారాల తర్వాత లేకపోవడం వినిపిస్తుంది అంటున్నాను.

తప్పు పిల్లలది కాదు

ఒక మాట ఒప్పుకోవాలి. నేను ఇంత సేపు చెప్పినదంతా పిల్లలకి అందాలంటే ముందు మాటలు అర్థం కావాలి. "అభ్రగపతి" అంటే గరుత్మంతుడని, "ధమ్మిల్లం" అంటే కొప్పని నాకు కూడా ఎవరో ఒకరు చెప్తేనే తెలిసింది. భావం తీసేయమని నేను అనను, అది నిచ్చెన. అది లేకుండా ఎక్కలేం. నా బాధంతా నిచ్చెన దగ్గరే పరీక్ష పెట్టి పంపించేయడం గురించి. పద్యాన్ని బయటికి చదవని తెలుగు క్లాసులు ఉన్నాయని మా మేనకోడలు చెప్పాకే తెలిసింది నాకు. సిలబస్ అవ్వాలి, టైం లేదు, టెన్షన్ అందరికీ ఉంటుంది, ఒప్పుకుంటాను. నాలుగు పాదాలు పైకి చదవడానికి అర నిమిషం పడుతుంది.

పోయిన ఆదివారం మళ్ళీ వెళ్ళాను. నాన్న కూడా వచ్చారు, ఇప్పుడు బాగున్నారు, రాగం కూడా తిరిగి వచ్చింది. మేనకోడలితో ఒకటే అడిగాను, "అర్థం గురించి ఆలోచించకు, లావొక్కింతయు, అల వైకుంఠపురంబులో, రెండూ గట్టిగా చదువు, ఎక్కడెక్కడ ఊపిరి తీసుకున్నావో పెన్సిల్‌తో గీత పెట్టు." మొదటి పద్యం నిండా గీతలే. రెండో దానిలో "సంరంభియై" దాకా రెండే గీతలున్నాయి, అందులో ఒకటి మాట మధ్యలో పడింది. "ఇక్కడ తప్పు ఆగాను" అంది. "తప్పు కాదు, తాతయ్య కూడా అక్కడే ఆగారు" అన్నాను.

తర్వాత నేను అడగకుండానే "సిరికిం జెప్పడు" చదివింది, దాని తర్వాత వచనం దాటేసి కింద ఉన్న పద్యం కూడా చదివింది, "తన వెంటన్ సిరి, లచ్చివెంట నవరోధవ్రాతమున్" అని మొదలయ్యేది. సగంలో ఆగి వెనక్కి తిప్పింది. మళ్ళీ ముందుకి తిప్పింది.

"మామయ్యా, సిరికి చెప్పలేదు అన్నాడు కదా ఇందాక. ఇక్కడ చూడు, వెనకాల మొట్టమొదట వచ్చింది ఆవిడే. అదే మాట, సిరి."

నేను ఇన్నేళ్ళలో అది చూడలేదు. నాన్న కళ్ళజోడు సర్దుకుని పుస్తకం తన వైపు లాక్కున్నారు.